పెద్దాయన లోపలి పిల్ల

గిట్ల ముగిస్తరా ఎవరన్న? నువ్వే చెప్పు రచనా. ఇన్ని దినాలు గా బొమ్మల సీరియల్ చూపిచ్చి, నవ్విచ్చి, ఏడిపిచ్చి, ఆఖరికి గా ఇనుప మనిషిని సముద్రం ఒడ్డుకు నిలవెట్టిన్రు. భుజాల మీద పిట్టలను వాలిపిచ్చిన్రు. పాట ఏసిన్రు. అయిపోయిందన్నరు. మరి లోపల కూసున్న పిల్ల సంగతేంది? ఎవ్వడన్న చెప్పిండా?

పాట అయినంక ఏమన్న వస్తదేమోనని టీవీ ముంగట్నే కూసున్న. రాలె. తెర నల్లగయి నా ముఖమే కనవడ్డది.

ఏంది గట్ల చూస్తున్నవ్? అవు, చూసిన. ఒక్కదాన్నే చూసిన. నువ్వు లేకుండ ముట్టనన్న మాట యాదికే ఉంది. ఆఖరి రెండు ఎపిసోడ్లు కలిసి చూద్దామని మనిద్దరం దాచిపెట్టుకున్నం గద, పిల్లలు మిఠాయి దాసుకున్నట్టు. తప్పయింది. నువ్వు అమ్మగారింటికి వచ్చినంక ఇల్లు ఎట్లనో ఉంటుండె. పగటిపూట ఎల్లిపాయ పొట్టు తీసుకుంట కూసున్న, పక్కకు తిరిగి ఏదో అనబోయిన, ఎవ్వరు లేరు. చెయ్యి ఊకోలె. టీవీ ఏసిన.

మీ అమ్మ బజారు నుంచి వచ్చేలోపు చెప్తా, జర ఇను. ఆమె ముంగట నాకు నోరు పెగలదు. నీకెరుకే, నలుగురు కూసున్న కాడ మంచినీళ్లు కూడ అడగలేను నేను. దూప ఆపుకొని ఇంటికి పోత. ఏదన్న వాగితె నీ ముంగటనే.

ఆఖరివి తెలుగుల మాట్లాడిపియ్యలె బిడ్డా. కింద తెలుగు అక్షరాలే ఏసిన్రు. నేను చదివింది ఐదో తరగతి. ఒక్క మాట కూడబలుక్కునేలోపు వాళ్లు ఇంకో మాట అంటరు. ఆపుడు, చదువుడు, మళ్ల నడిపిచ్చుడు. నడుమల ఎపిసోడ్లు కొన్ని గట్లనే ఉంటె నువ్వు చదివి చెప్తుంటివి, అండ్ల సొంత కైతాలు కలిపి. గా పొట్టిజుట్టు పిల్ల లడాయికి పోయేటప్పుడు, "పోత గని ముందుగాల బువ్వ పెట్టుర్రి" అంటున్నదని చెప్తివి. నేను నిజమే అనుకుంటి. పాపం ఆకలైతుందని ఆ పిల్ల గురించి ఫికర్ చేస్తి.

పేర్లన్ని నువ్వు పెట్టినవే. ఇనుప మనిషి పెద్దాయన. ఆయన ఛాతి లోపట కూసోని నడిపే ఆడపిల్ల పొట్టిజుట్టు. ఆమె అసలు పేరు నా నోట్ల తిరగకపోయె. పెద్దాయన కాళ్ల కాడ కూసోని నట్లు బిగిచ్చే ముసలామె నట్లవ్వ. "అత్తమ్మా, గది మీరే" అంటివి. ఎవ్వరితోని మాట్లాడది, తలకాయ ఎత్తది, పని చేసుకుంట పోతది. మస్తు నవ్వుకున్నం.

మాట మీద మాట, ఒకటి అడుగుత. గంత బరువు మనిషి నడుస్తుంటె భూమి కుంగదా? మన తాండూరుల అయితె ఇట్ల అడుగేసుడు, అట్ల బండల గనిల పడుడు. వాననీళ్ల గుంతల నడుం దాక మునిగి నిలవడుతుండె. నా కొడుకు శ్రీను క్రేన్ తోలుకపోయి గుంజాల్సి వస్తుండె.

నవ్వినవ్. చాలు. నువ్వు నవ్వక ఎన్ని దినాలాయె.

నీకు ముందుగాల చెప్పాల్సింది ఆఖరిదానికి ముందుది. అండ్ల లడాయే లేదు. శ్రీను అసొంటోళ్లు చూస్తె గురక పెడ్తరు. పొట్టిజుట్టు పెద్దాయనను ఇడిసిపెట్టి పోతది. దెబ్బ పెద్దాయనకు తాకితె నొప్పి ఈమెకు గద. ఆయన చెయ్యి పగిలితె ఈమె చెయ్యి వాస్తది. జనమేమో పెద్దాయనకు దండం పెడ్తరు. ఇంక నాతోని కాదని ఒకనాడు బయటినుంచి గడె ఏసిన పెద్దాయన ఛాతి తలుపు ఎట్లనో తోసుకొని బయటపడి, వానల బస్సెక్కి, వాళ్ల చిన్నమ్మ ఊరికి పోతది. చాపల దుకాణంల పని చేస్తది. ఎపిసోడ్ అంత గంతే. చాపలు తోముతది. వానను చూస్తది. పాట గులుగుతది.

అన్నం తింటది రచనా! మనం చూసినన్నినాళ్లు ఆ పిల్ల పల్లెంల మెతుకులు మిగిలిచ్చుడే గని ఊడ్చి తిన్నది చూసినమా? గీడ రెండోసారి పెట్టిచ్చుకుంటది. నాకు మొత్తం కథల గదే మంచిగ అనిపిచ్చింది.

నువ్వు కూడ జర ఒళ్లు చేసినవ్. ముఖం నిండింది. రాంగనే చూసిన, చెప్పలె.

ఇంక ఆఖరిది. గీడనే చెడగొట్టిన్రు. సముద్రంల నుంచి మళ్ల గా కొండంత పురుగు లేస్తది. పొట్టిజుట్టు లేకుంటె పెద్దాయన లేవడు. టోపి పెట్టుకున్న పెద్ద ఆఫీసరు ఆలోచన చేస్తడు. నేను పోయి పిలిస్తె రాదు, పోలీసులను పంపితె రాదు, ఎవరి మాట ఇంటది? నట్లవ్వ మాట ఇంటది. ఆమెను పంపుతడు. చేతుల టిఫిన్ డబ్బ పెట్టి మరీ పంపుతడు. ఆ పిల్లకు ఇష్టమైన కూర చేసుకొని ముసలామె బస్సెక్కుతది.

పోయి ఏమంటదో ఎరుకనా? "పెద్దాయనకు పానం బాగలేదు బిడ్డా. నువ్వు వచ్చి జరసేపు లోపల కూసుంటె కోలుకుంటడు" అంటది. అబద్ధం. నేను అక్షరాలు కూడుకుంట చదివిన. ఒక్కొక్క అక్షరం నా నోట్లకెల్లే తీసి నా చేతుల పెట్టినట్టు అయింది.

పొట్టిజుట్టు ఒక్కటే అడుగుతది. "అవ్వా, మళ్ల తలుపు బయటినుంచి ఏస్తరా?"

గీడ ఆపిన. ఎల్లిపాయలన్ని గట్లనే పక్కకు పెట్టిన. ఆమె ముఖం మస్తుసేపు చూసిన. ముసలామె ఏమంటదో నాకు తెలుసు. అయినా నడిపిచ్చిన.

"ఏయం బిడ్డా" అంటది.

గా తలుపుకు గడె బిగిచ్చిందే ఆమె.

తర్వాత మామూలే. పిల్ల వస్తది. తలుపు పడ్తది. లడాయి మస్తు తీసిన్రు, అబద్ధమెందుకు, సముద్రం మన మీదికే వస్తున్నట్టు ఉంటది. పురుగు సస్తది. ఊరంత బతుకుతది. పెద్దాయన ఒడ్డుకు వచ్చి నిలవడి ఇంక కదలడు. తలుపు ఎవ్వరు తెరవరు. పిల్లలు చేతులూపుతరు. నట్లవ్వ కాళ్ల కాడ కూసోని నట్లు బిగిచ్చుకుంట ఏడుస్తది. ఆమె ముఖమే పెద్దగ చూపిచ్చిన్రు, కన్నీళ్లు ఒక్కటొక్కటిగ.

అది చూసి అందరు ఏడ్చినం, ఎంత మంచి కథనో, ఎంత త్యాగమో అని ఫోన్ల రాసిన్రు. పక్కింటి ప్రణవి చదివి చెప్పింది. నాకు ఏడుపు రాలె రచనా. కోపమొచ్చింది. ఆ ముసలిదాన్ని ఎవ్వరు ఒక్క మాట అనరేంది? పాపం, పాపం అంటరేంది? ఆమె ఏడుస్తె పిల్ల బయటికొస్తదా? తాళంచెయ్యి పట్టుకొని ఏడ్సుడు ఏం ఏడ్సుడు?

...

ఉండు, నీళ్లు తాగనియ్యి.

నేను ఎందుకొచ్చిన్నో నువ్వు అడగలె. వచ్చినప్పటి నుంచి మీ అమ్మ కండ్లల్ల సంబురమే ఉన్నది. అత్తనే స్వయంగ తోలుకపోనీకి వచ్చింది, ఇంక ఫికర్ లేదు అనుకుంటున్నది. అప్పుడే చాటల బియ్యానికి పసుపు కలిపింది. నేను చూసిన. ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ తెస్తనని బజారుకు పోయింది. వచ్చి నీ ఒడి నింపి, బొట్టు పెట్టి, నా చేతుల పెడ్తది. ఒడిబియ్యం పోసినంక నువ్వు కాదంటవా? అనవు. నీకు గంత నోరు ఉంటె ఆనాడే ఉంటుండె.

ఆనాడు నువ్వు డ్యూటీ నుంచి వచ్చే రైలు లేటయింది. ల్యాబుల రక్తం పరీక్షలు ఎక్కువ వచ్చినయి, ధారూర్ కాడ బండి ఆగింది అని నువ్వు చెప్పుకుంటనే ఉన్నవ్. శ్రీను చెయ్యి లేపిండు. నేను వంటింట్ల ఉన్న. ఇనవడ్డది. నువ్వు "అత్తమ్మా" అన్నది కూడ ఇనవడ్డది.

నేనేం చేసిన? మిక్సీ ఏసిన. అండ్ల ఏం లేదు రచనా, ఖాళీ గిన్నె. పక్కింటోళ్లకు ఇనవడద్దని ఏసిన.

నువ్వేమో సంచి సదురుకొని, నా కాళ్లు మొక్కి వచ్చినవ్. ఎందుకు మొక్కినవే? తన్నినా బాగుండు.

ఏడ్వకు. నేనూ ఏడ్వ. చెప్పేది ఇంక ఉంది, మీ అమ్మ వచ్చేస్తది.

నా బీపీ మంచిగనే ఉంది. రాంగనే కండ్లు తిరుగుతున్నయి, తల బరువు, ఇంట్ల చేసేటోళ్లు లేరు అన్న గద. శ్రీను నేర్పిండు. "నేను పోతె రాదు అమ్మా, నువ్వు పోయి పానం బాగలేదని చెప్పు, నీ మాట ఇంటది" అన్నడు. వికారాబాద్ దాక రైల్ల గదే పాఠం చదువుకుంట వచ్చిన. కందిపప్పు, నువ్వు ఇష్టపడ్తవని చేసిన సకినాలు, గీ సంచి అంత వాడు సర్ది పెట్టిందే. "ఖాళీ చేతులతోని పోతె బాగుండదు" అన్నడు.

ఊకె బుజ్జగిచ్చి మంచిగ చూసుకుంటడనుకుంటివా? నేను గూడ గట్లనే అనుకున్న. అనుకోవాలె గద, కన్నదాన్ని. వాడు కూడ ఏడ్చిండు, అబద్ధం కాదు. అన్నం తినక పండిండు. గని మొన్న తలుపులు చేసే వడ్లాయనను పిలిపిచ్చిండు.

మీ గదికి గడె పెట్టనీకి.

వడ్లాయన గడె చేతుల పట్టుకొని నన్ను అడిగిండు. "లోపలికా, బయటికా అమ్మా?" శ్రీను పనికి పోయిండు, పోయేటప్పుడే చెప్పి పోయిండు. నేను నోటితోని చెప్పలె. ఏలుతోని చూపిచ్చిన. బయటికి. ఆయన ఒక్కసారి నా ముఖం చూసి పని మొదలుపెట్టిండు. నేను ఛాయ్ చేసిచ్చిన. రంధ్రాలు చేస్తుంటె రాలిన పొట్టు ఊడ్చిన. మంచిగ ఊడ్చిన, ఒక్క రవ్వ మిగలలె.

నువ్వు ఉద్యోగానికి పోకుండ నాలుగు దినాలు లోపలుంటె బుద్ధి వస్తది అంటుండు. నాలుగు దినాలేనంట. వాడు గంత మామూలుగ చెప్తుంటె నేను గూడ తలకాయ ఊపిన. అప్పుడు నాకు గిట్ల అనిపియ్యలె, చూడు. వాడు చెప్పినప్పుడు అనిపియ్యలె, వడ్లాయన చూసినప్పుడు జరంత అనిపిచ్చింది, దులుపుకున్న. గా బొమ్మల పిల్ల అడిగితె అనిపిచ్చింది. నా పెయ్యి మీద నాకే అసయ్యం అయింది.

అయినా వచ్చిన. గది చూడు. చూసినంక గూడ సంచి పట్టుకొని రైలెక్కిన. నీ ముఖం చూసే దాక, నువ్వు మంచినీళ్లిచ్చి "బీపీ గోళీ ఏసుకున్నరా అత్తమ్మా" అని అడిగే దాక, తోలుకపోదామనే ఉన్న.

రాకు బిడ్డా.

నేను ఏడ్చినా రాకు. సస్తున్నదని చెప్పినా రాకు. మీ అమ్మ ఎంత బతిమాలినా, ఆడపిల్ల అని కులపోళ్లను పంచాయితికి కూసోబెట్టినా, ముందుగాల ఆ గడె సంగతి అడుగు. నేను చెప్పినని చెప్పు. ల్యాబుకు పో. గీడనే ఉండు.

గేటు చప్పుడైంది. వచ్చింది.

...వదినా. వచ్చినవా. కుడుకలు దొరికినయా? ఆ... ఆ... మంచిగున్నయి. రవికె గుడ్డ గూడ మంచి రంగు తెచ్చినవ్.

వదినా, జర కూసో. ఒడిబియ్యం పొయ్యకు. ముహూర్తం బాగనే ఉంది, గది కాదు. నాకు పానం బాగలేక కాదు, నాకు పానం మంచిగనే ఉంది. నేను అబద్ధం ఆడిన. నీ బిడ్డను తాళమేసి ఉంచనీకి తోలుకపోతున్నం. అవు. నా ఇంట్లనే. గడె నేనే చూపిచ్చి పెట్టిచ్చిన. ఏంది, ఇంక పెద్దగ చెప్పాల్నా? నా నోటికి ఇంతకన్న పెద్దగ రాదు వదినా.

తిట్టు. తిట్టు, నేను కూసుంట.

సాయంత్రం బండికి పోత. నేనెక్కడికి పోవాలె మరి? వాడు నా కొడుకు, గది నా ఇల్లు. రచన ఏదని అడుగుతడు, రాదంటా. ఎందుకు రాదంటడు, నేనే వద్దన్న అంటా. అన్నంక ఏమైతదో... అయితది తియ్యి.