పాముని తరమని కాకి

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్. ఆదివారం సాయంత్రం. వర్క్‌షాప్ ఫిట్టరు నూకయ్య భార్య మీనాకుమారి ఇంటికి, ఆమె కూతురు ఇందు చదివే తెలుగు బడి టీచరు శ్రీజ వచ్చింది.

“వద్దు మీనక్కా, టీ పెట్టకండి. బయట టోటో రిక్షా ఆపి వచ్చాను.”

“ఆగుతాడులెండి, నేను సెప్తాను దాదాకి. కూకోండి టీచరమ్మా. నాకు కోపం మీ మీద కాదు. కోపమే. కానీ మీ మీద కాదు.”

“ఇందు చెయ్యి ఎలా ఉంది?”

“కుట్లు ఇప్పినారు. నడిమేలు వొంగడం లేదు. పందికొక్కు కొరికితే అలగే ఉంటాదట. సూదులు ఇంకా ఉన్నాయి.”

“నిద్రపోతోందా?”

“లేదు, లోపల బొమ్మలేస్తంది, ఎడం సేత్తో. నాకొక్కటి సెప్పండి. ఆ కాకి కథేటి? ‘నేను తెల్ల కాకినమ్మా’ అంటాది, మరి మాటాడదు. ఎంత అడిగినా ఊఁ అనదు, ఆఁ అనదు.”

“పిల్లలు ఇందు ఒంటి మీది తెల్ల మచ్చలు చూసి దూరం జరుగుతున్నారు కదక్కా. పక్కన కూర్చోరు. దాని నీళ్ల బాటిలు ముట్టుకోరు.”

“డాక్టరు దాదా ఎన్నిసార్లు సెప్పినాడు! ఛోయాచే కాదు, అంటుకోదు, అంటుకోదు అని!”

“నేనూ చెప్పాను. వినలేదు. అందుకే క్లాసులో జంతువుల బొమ్మల పుస్తకం చదివి వినిపించాను. కాకుల గుంపులో ఒక కాకి తెల్లగా పుడుతుంది. మిగతావి గూటి దగ్గరికి రానివ్వవు. ఓ రోజు పాము చెట్టెక్కుతుంటే ఆ తెల్ల కాకే చూసి, పొడిచి తరిమేస్తుంది. అప్పుడు అన్నీ దాన్ని కలుపుకుంటాయి. పిల్లలు చప్పట్లు కొట్టారక్కా. అందరికంటే గట్టిగా ఇందు కొట్టింది.”

“ఊఁ. తర్వాత?”

“తర్వాత... ఇంటర్వెల్లో కాకులాట మొదలెట్టారు. ఇందుని తెల్ల కాకి అన్నారు.”

“అని?”

“పాముని తరిమితే జట్టులో కలుపుకుంటాం అన్నారట.”

“బళ్లో పామెక్కడుంది?”

“లేదక్కా. గోడ కింద కాలవ కన్నం ఉంది కదా, పాము అందులో ఉందన్నారట...”

“అందుకేనా? జట్టులో కలుపుకుంటారని సెయ్యెట్టిందా నా గుంట?”

“మోచేతి దాకా పెట్టింది. నేను స్టాఫ్ రూంలో ఉన్నాను. అరుపు విని పరిగెత్తేసరికి...”

“తరమకపోతే?”

“ఏంటక్కా?”

“మీ కాకి. పాముని తరమకపోతే? పిరికిదే అనుకోండి. అప్పుడు కలుపుకోవేటి?”

“అది... కథ అక్కా.”

“కథే. మరి దీని క్లాసులో డయానా ఏ పాముని తరిమినాదని జట్టులో ఉంది?”

“నేను అంత దూరం ఆలోచించలేదు.”

“నేను దీని మొహానికి పౌడరు రాసి పంపేదాన్ని. మీరే వొద్దన్నారు. దాచకండి, పిల్లల్ని చూడనీండి, అలవాటు పడతారు అన్నారు. మీ మాట ఇన్నాను.”

“అన్నాను.”

“బెంగాలీ ఇస్కూల్లో ఎనక్కి కూకోబెట్టినారని మానిపించి, మనోళ్ల బడి కదాని తెచ్చి ఏసినాను. మనోళ్లు!”

“అక్కా...”

“ఆ డయానా ఒక్కత్తే దీని పక్కన కూకునేది. ఇప్పుడూ కూకుంటాదా?”

“వాళ్లమ్మ బెంచీ మార్పించింది.”

“ఎప్పుడు?”

“మొన్న. అక్కా, అసలు నేను వచ్చింది ఎందుకంటే...”

“తెల్సు ఎందుకొచ్చినారో. నేను పంపను. ఒక ఏలు పోయింది, సాలు. ఇంట్లోనే ఉంటాది. నాకొచ్చిన నాలుగక్షరాలు నేనే నేర్పుకుంటాను.”

“అది కాదక్కా, నేను చెప్పేది...”

“మిస్!”

“ఇందూ! రా తల్లీ.”

“నాకేటి తెచ్చినారు మిస్?”

“ఇదిగో. నీకే. ఉంచుకో.”

“ఏనుగు బొమ్మల పుస్తకం! అమ్మా, సూడు, ఈ ఏనుక్కి ఒక సెవే ఉంది! మిస్, ఇది ఎవుల్ని కాపాడతాది?”

“ఎవర్నీ కాపాడదు.”

“మరేటి సేస్తాది?”

“ఏమీ చెయ్యదు. మిగతా ఏనుగులతో నడుస్తుంది. ఏట్లో దిగి నీళ్లు తాగుతుంది.”

“పొమ్మనవా?”

“అనవు.”

“ఏటీ సెయ్యకపోయినా రానిస్తాయా?”

“...రానిస్తాయి.”

“అమ్మా, నేను రేపు బడికెల్తాను. ఇది డయానాకి సూపిస్తాను. సెయ్యి ఎక్కడా పెట్టనమ్మా, ఒట్టు. ఊరికే ఆళ్లతో నడుస్తాను, అంతే.”

“నువ్వు లోపలికెల్లు.”

“ఎల్తాను కదమ్మా? బడికి?”

“సూద్దాంలే. ఎల్లు ముందు.”

“మిస్, మా అమ్మ సూద్దాం అన్నాదంటే సరే అన్నట్టే!”

“...సూసినారా టీచరమ్మా? ఆస్పత్రి నుంచి వొచ్చినాక దాని నోట ఇన్ని మాటలు ఇప్పుడే.”

“మీనక్కా...”

“కట్టేసినారు మీరు నా నోరు. సరే. పంపుతాను. ఏటి సేస్తాం, ఎన్నాళ్లని దాసుకుంటాను ఇంట్లో? యూనిఫారం ఈ పూటే ఉతికేస్తాను. ఆళ్ల నాన్న డూటీకెల్తా దింపుతాడు. మీరు కొన్నాళ్లు మీ పక్కన కూకోబెట్టుకోండి. అదొక్కటే అడుగుతాను.”

“పంపకండక్కా.”

“ఏటి?”

“పిల్లల తల్లులంతా బడి కమిటీ దగ్గరికి వచ్చారు. ఆ పిల్ల ఉంటే మా పిల్లల్ని మాన్పించేస్తాం అన్నారు. కమిటీ వాళ్లు ఇందు పేరు తీసేశారు.”

“అంటుకోదని సెప్పలేదేటి మీరు?”

“చెప్పాను. ఒకసారి.”

“ఒకసారి సెప్పి?”

“వేరే వాళ్లొచ్చి చెబితే మీరు గొడవ పెట్టుకుంటారేమోనన్నారు. నా మాటైతే మీరు వింటారని, మెల్లగా చెప్పి వస్తానని నేనే అన్నాను.”