పేరు మీద వేలు

మానుకోట టెలిఫోన్ ఆఫీసులో ట్రంకు కాల్ కిటికీ. లోపల బోర్డు దగ్గర శశికళ ఒక్కతే ఉంది. బయట, తండా నుంచి వచ్చిన మాన్‌సింగ్.

"ప్రాణం మీదికొచ్చిందన్నోళ్ళందరికి ముందుగాల లైన్ ఇస్తె, పొద్దటిసంది కూసున్నోళ్ళు ఏం గావాలె?"

"నిజంగనే వచ్చింది అక్కా. వరంగల్ దవాఖాన కలుపు. బండి పంపుమనాలె."

"నిన్న ఒక మిర్చి సేటు గిట్లనే ఏడ్చిండు. అమ్మకు గుండెనొప్పి అన్నడు. అర్జెంటోళ్ళను ఆపి కలిపిన. కలిసినంక ఏమడిగిండో ఎర్కనా? క్వింటాల్ ఎంత పలికిందని!"

"నేను మిర్చి అమ్మేటోన్ని గాదు."

"నాకు మెమో ఇచ్చిండ్రు. ఇంకోపారి గిట్ల జేస్తె నౌకరి ఉండదన్నరు. దెబ్బ ఎవరికి?"

"మా... మా బామ్మర్దికి. తల పగిలింది."

"ఇందాక అన్న అంటివి?"

"అన్నసొంటోడు."

"ఎట్ల పగిలింది?"

"పైకెల్లి పడ్డడు."

"పైకెల్లి అంటె? చెట్టా, మిద్దెనా?"

"గవన్ని ఎందుకక్కా! రక్తం ఆగుతలేదు."

"డాక్టరే ఫోన్ జేయొచ్చు గద?"

"గాలివానకు ఈడి దవాఖాన ఫోన్ తీగ తెగింది. చిట్టి రాసిచ్చిండు. గిదిగో, ముద్ర సూడు."

"ముద్ర కనవడ్తంది. పేరు మీద వేలెందుకు? తియ్యి."

"లైన్ కలిసినంక తీస్త."

"పేరు దాస్తున్నవంటె దొంగ చిట్టే. మామూలు కింద రాస్త. నీ ముంగట తొమ్మిది మంది ఉన్నరు. పో, బల్ల మీద కూసో."

"నీ కాల్మొక్త. అబద్ధమైతె పోలీసులకు పట్టియ్యి. గీ కిటికీ ఇడిసి యాడికి పోను."

"సేటు మస్తు ఏడ్చిండు. నువ్వు ఏడుస్తలేవు."

"నేనేడిస్తె నువ్వు..."

"నేను?"

"ఏం లేదు. కలుపు, అక్కా."

"నా నౌకరి పోతె నీ ఉసురు తీస్త... హలో, వరంగల్? ప్రాణాపాయం కాల్, మిగిలినయన్ని ఆపుండ్రి. పెద్ద దవాఖాన ఇయ్యుండ్రి... హలో, దవాఖాననా? మానుకోటకు బండి కావాలె, తల పగిలిందంట... ఆఁ, ఇప్పుడే పంపుతరా? ఉండుండ్రి, పేరు అడుగుత. బండి బయలెల్లుతంది. ఇగ చెప్పు, ఎవరు?"

"లైన్‌మన్ హన్మంత్. మీ ఇంటాయినే, అక్కా. బండి బయలెల్లేదాక నీకు చెప్పొద్దని ఆయనే అన్నడు."