ప్రశ్న అడగకుండా పంపేసిన ఆప్షన్లు

ఆ బటన్ నేను నొక్కలేదు ఫాతిమా వదినా, ఎన్నిసార్లు చెప్పమంటారు? అసలు ఎవరూ నొక్కలేదు. ఇప్పుడు మా నెట్ సెంటర్లో బటన్లతో పనే లేదు.

కూర్చోండి. మీరలా నిలబడి చూస్తుంటే నాకు మాట తడబడుతుంది.

నిరుడు దాకా పిల్లల కాలేజీ ఆప్షన్లు శశిధర్ చేత్తో కొట్టేవాడా, చివర్న బటన్ నొక్కితే పేజీ అడిగేది, అన్నీ సరిగ్గా ఉన్నాయా అని. అప్పుడు నన్ను పిలిచేవాడు. చదివింది అయిదే అయినా ఊళ్ళ పేర్లు గుర్తుపడతాను కదా. "ఒకటి తెనాలి, రెండు బాపట్ల, అవునాండి?" అని పెద్దవాళ్ళకి చదివి వినిపించేదాన్ని. వాళ్ళు ఊఁ అంటేనే పంపేది.

ఈ ఏడు ఏదో ప్రోగ్రాం రాసుకున్నాడు. అదే పేజీ తెరుస్తుంది, అదే నింపుతుంది. పేజీ లోపల పంపే పనికి ఒక పేరుంటుందంట, ఆ పేరు పెట్టి తిన్నగా పిలుస్తుందంట. వీధి తలుపు కొట్టకుండా దొడ్డిదారిన వంటింట్లోకెళ్ళి వడ్డించమన్నట్టు. ఆ ప్రశ్నేమో వీధి గుమ్మంలోనే ఉండిపోయింది.

చెప్పాను వదినా. శశిధర్ బాబూ, ప్రశ్న రావట్లేదు అన్నాను. "అనసూయక్కా, ప్రోగ్రాంకి నువ్వు పాఠం చెప్తావా? జిరాక్సులు చూసుకో" అన్నాడు. సెంటరంతా నవ్వింది.

మీ అమ్మాయి సుమయా కాయితం మీద తెనాలే ముందు రాసింది. ప్రోగ్రాం చూసే లిస్టులోకి ఎక్కించేటప్పుడు శశిధర్ బాపట్ల ముందేశాడు. పేజీ అడిగుంటే నేను చదివేదాన్ని, మీరు కాదనేవారు, సీటు బాపట్లలో పడేది కాదు. అంతే కదా? తెనాలైతే పొద్దున రేపల్లెలో రైలెక్కి, సాయంత్రానికొచ్చి మీ మిషన్ మీద జాకెట్లు కుట్టేది పిల్ల. బాపట్ల హాస్టల్లో ఉంటే మీకెట్లా గడుస్తుంది, నాకు తెలీదా? అట్లాగని చదువు మానిపిస్తాననకండి.

ఏంటి, శశిధర్‌నే అడుగుతారా? అడగండి. తప్పు ప్రోగ్రాందంటాడు. ప్రోగ్రాం ఎవరిదంటే ఫోన్ చూసుకుంటాడు.

కాకపోతే... అతన్ని అడిగేముందు ఇది వినండి.

ఆ రోజు ప్రింటు తీసింది నేనే. బాపట్ల పైనుంది. చూశాను. అప్పటికి మూడున్నర. అయిదింటిదాకా మార్చుకోవచ్చని గోడ మీద కాయితం కూడా అంటించాం. పిల్ల జ్వరంతో ఇంట్లో ఉంది, మీరొక్కరే ఈ బెంచీ మీద కూర్చునున్నారు. అతని చుట్టూ పదిమంది.

మళ్ళీ నవ్వుతారని, కాయితం మడిచి మీ చేతిలో పెట్టి, "మంచినీళ్ళు తాగుతారా వదినా" అన్నాను.