మూడింటి ఓటు

బయ్యారం బస్టాండు పక్కన అండాలు నడిపే చాయ్ కొట్టు. దగ్గర్లోని తండా సొంత పంచాయతీ అయ్యాక వచ్చిన తొలి ఎన్నికల్లో జమ్లీ ఒక్క ఓటుతో సర్పంచిగా గెలిచి అప్పటికి మూడు రోజులు. బల్ల మీద కూర్చుని పూల్‌సింగ్ చెబుతున్నాడు, కొట్టంతా వింటోంది.

"నేను గొప్పలు చెప్పుకునేటోన్ని గాదు, మీకెరుకనే. ఏదో ఒక్క ఓటేసిన, జమ్లీ చెల్లె గెలిచింది, గంతే. గాని ఆ ఓటు ఎట్ల వేసిన్నో జర వినుండ్రి. నేనేమో చెల్పూర్ల కరెంటు ప్లాంటు కాడ కూలికి ఉంటి. పొద్దుగాల లేచి మేస్త్రీకి చెప్పిన, మా తండాకు ఇన్నేండ్లు పక్కూరోళ్లే సర్పంచులు, ఇయ్యాల మా బిడ్డ నిలబడ్డది, నేను పోవాలె అని. బస్సు రాలే. ఇగ నడుసుడు షురూ జేసిన."

"చెల్పూర్ నుంచి నడిచినవా?" ఆటో నడిపే యోహాను గ్లాసు కింద పెట్టాడు.

"నడిచింది ములుగు దాంకనే. ఆడికెళ్లి ఉరికిన. నర్సంపేట కాడ ఎనుకకెళ్లి బస్సొచ్చింది, కండక్టర్ తల బయట పెట్టి ఎక్కు అన్నా అన్నడు. నాకు తీరిక లేదు తమ్మీ, నువ్వు మెల్లగ రా అన్న. పాకాల అడివిల పులి అడ్డమొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓటున్నది, జరుగు అన్న. పాపం, జరిగింది."

"దానికి ఓటు లేదా అని అడగకపోయినవా?" అంది అండాలు చాయ్ వడపోస్తూ.

"అడిగిన అక్కా. లిస్టుల పేరు లేదట. గూడూరు దాటినంక నా కాళ్లు ఇగ రామన్నయి. భుజం మీద గడ్డపార ఉండె. మన బయ్యారం గుట్టల ఎంత ఇనుమున్నదో మీకు చెప్పాల్నా? గడ్డపార గట్టిగ పట్టుకొని గుట్టదిక్కు తిప్పిన. గుట్ట గుంజింది సూడు, నేను గాలిల తేలిన, మానుకోట మీదికెళ్లి పోతుంటే కింద జనం కొంగ అనుకున్నరు. సక్కగ బడి ముంగట, ఓట్ల లైన్ల దిగిన. అప్పటికి పోటీల ఉన్న ఇద్దరికీ చెరి రెండు వందల పద్నాలుగు ఓట్లు. ఆఫీసర్ సారు లేచి నిలబడి, పూల్‌సింగ్ గారూ, మీ కోసమే డబ్బా మూయలే అన్నడు. పోలీసాయన మంచినీళ్లిచ్చిండు. గోడ మీద గడియారం సూసిన, సరిగ్గ మూడు. చెల్లె ఉంగరం గుర్తు మీద ముద్ర గుద్దిన. ఆ గుద్దుడుకు ఓడిపోయినోని ఇంట్ల కుర్చీ ఇరిగింది."

యోహాను బల్ల దగ్గరికి జరిగాడు.

"పూల్‌సింగ్ అన్నా, సర్పంచి ఓట్లు ఒంటిగంటకే బంద్. మూడింటికి లెక్క పెడుతున్నరు. నేను ఆడనే ఉన్న."

"ఐదింటి దాంక ఉంటది గదా," అన్నాడు పూల్‌సింగ్ చిన్నగా.

"అది ఎమ్మెల్యే ఓట్లకు."

కొట్టులో అందరూ అతని వెనక్కి చూస్తున్నారు. పూల్‌సింగ్ తల తిప్పి చూస్తే వెనకాల జమ్లీ నిలబడి ఉంది. మండలాఫీసు నుంచి వస్తూ చాయ్ కోసం ఆగింది, పులి దగ్గర్నుంచీ వింటూనే ఉంది.

"నిజం చెప్త చెల్లె. లారీలు మారి మారి వచ్చిన, బడి తలుపులు మూసిన్రు. మా బిడ్డ సుమన పుట్టిననాడు అంబులెన్సు తండాకు ఎక్కలే. బురద తొవ్వలనే కాన్పయింది, నువ్వే చీర అడ్డం పట్టినవు. గసుంటి నీకు ఒక్క ఓటు వెయ్యలేకపోతి. నువ్వు ఓడిపోతే మొఖమెట్ల సూపిద్దు? గెలిచినవని మైకుల చెప్పంగనే ఆడనే కూసొని ఏడ్చిన. ఇగ మాకూ రోడ్డొస్తదని మొదటిసారి అనిపించింది."

జమ్లీ వచ్చి అదే బల్ల మీద కూర్చుంది.

"గెలిపించిన ఆ ఒక్క ఓటు నాదే అని ఇప్పటికి నలబై మంది చెప్పిన్రు అన్నా. అందరికీ దండం పెట్టిన. వెయ్యని ఓటు కోసం గింత దూరం ఉరికినోనివి నువ్వొక్కనివే. నీకూ దండమే." చాయ్ అందుకుంది. "రేపు తండా రోడ్డుకు కొలతలు. గుంజలు పాతాలె. ఆ గడ్డపార తీస్కొని రా."

"ఎన్నింటికి చెల్లె?"

"పొద్దుగాల ఏడింటికి. గుట్ట గుంజినా, గుంజకపోయినా."