బ్రేకుకి రాసిన సొరనూనె

బరంపురం, గోసాని నువాగాం. ఒక ఆఫీసు గేటు. గేటుకి ఆనుకుని ఒక పాత మోటారు సైకిలు. మోటారు సైకిలు కింద, గంజాం నించి ఉద్యోగానికొచ్చిన నీలకంఠం, బి.ఎస్సీ. పైన నిలబడి చూస్తున్నవాడు గేటు కాపలా తవిటయ్య.

"గేటుకేటీ అవలేదులే. నీకేటైనా అయిందా?"

"లేదు బాబాయ్. పంట్లాం మోకాలి కాడ చిరిగింది, అంతే."

"హారనైనా కొట్టవేటి?"

"హారను లేదు."

"మరి బ్రేకు?"

"అదీ..."

"ఏటి, అదీ లేదా?"

"ముందుదానికి తీగే లేదు. ఎనకది ఉంది. ఉండడానికైతే ఉంది. పడదు."

"గంజాం నించి ఇలాగే వచ్చీసేవా? ముప్పై కిలోమీటర్లు? బ్రేకు లేకండా?"

"మధ్యలో రెండుసార్లు ఆగేను బాబాయ్. ఒకసారి ఛత్రపురం కాడ, గడ్డిబండి ఎనకాల. గడ్డి మెత్తగానే ఉంది."

"రెండోసారి?"

"పెట్రోలు అయిపోయి. మర్యాదగా ఆగింది అదొక్కసారే."

"లే, లే ముందు. ఇంజను మీంచి కాలు తియ్యి, కాల్తాది. నీకు బండి నేర్పినోడెవడు?"

"మా నరసన్న మావ."

"ఆడికి బండొచ్చా?"

"పడవొచ్చు."

"ఏటీ?"

"మావ పడవ ఇంజను నడుపుతాడు. పడవకి బ్రేకుండదు కదా బాబాయ్. ఒడ్డు దగ్గరవుతాదనగా ఇంజను కట్టీడమే, ఇసకలోకొచ్చి అదే ఆగిపోద్ది. నాకూ ఇసకలోనే నేర్పేడు. ఇరవై రోజులు. ఇసకలో నేను రాజాని."

"ఇది రోడ్డు కదేటి."

"ఆ తేడా నాకు మీ గేటు చెప్పింది."

"నోటికేటీ తక్కువ లేదు. ఎక్కడ దొరికిందీ బండి?"

"రంభలో ఒకాయన దొడ్లో. సీటు మీద కోళ్ళు పడుకునేవి. చవగ్గా ఇచ్చీసేడు. సీటు చినిగిపోతే పాత తెరచాప గుడ్డ కుట్టేం. చట్రానికి పడవ రంగు కొట్టేం. తోలుకొచ్చిన రోజున సైలెన్సరు పక్కన ఒక కోడిగుడ్డు దొరికింది. బండిలో కొత్త సామానంటూ ఉంటే ఆ గుడ్డొక్కటే."

"ఛీ, పో! పో! ఈ కుక్కలేటి, ఇన్నెక్కడివి?"

"నాతోనే వచ్చేయి."

"నీతోనా?"

"చైనుకి సొరచేప నూనె రాసేం బాబాయ్. ఉప్పుగాలికి పాడవకుండా పడవ చెక్కలకి రాస్తాం కదా, ఇంట్లో డబ్బా ఉంది. ఉన్నది ఒగ్గీసి చైను నూనె కొనడమెందుకని. పదకొండు కుక్కలు. నేను డిగ్రీ పాసయినప్పుడు కూడా ఇంత ఊరేగింపు లేదు."

"సైనుకేనా రాసేవు?"

"చైనుకి, ఊచలకి, సీటు కింద ఇనప చట్రానికి..."

"ఇంకా?"

"చక్రం విప్పినప్పుడు లోపల బ్రేకు దిమ్మలుంటాయి కదా. వాటిక్కూడా పట్టించీసేం. రెండు పూతలు."

"బ్రేకు దిమ్మలకి నూనె రాసేవా?"

"తుప్పు పడతాదని మావ..."

"ఓరి, నీ సదువు సల్లగుండ! బ్రేకంటే రాపిడిరా గుంటడా. నూనె రాసీస్తే అదేటి పట్టుకుంటాది?"

"తెలుసు బాబాయ్."

"తెలుసా!"

"నాది ఫిజిక్సు. పరీక్షలో రాపిడి మీద ఎనిమిది మార్కుల ప్రశ్న. ఏడున్నర వచ్చేయి. పోయిన అర మార్కు ఇదే."

"ఇంతకీ ఈ ఆఫీసులో నీకేటి పని?"

"ట్రయలు. చేపల రేవులు తిరిగి, ఏ పడవకి ఎన్ని చేపలు పడ్డాయో రాసుకొచ్చే పోస్టు. సొంత బండుండాలి, నడపడం రావాలి. తొమ్మిదింటికి సారు ముందర ఈ ఆవరణ చుట్టూ ఒక రౌండు కొట్టి, సున్నం గీత మీద ఆపాలి. రౌండు కొట్టగలను."

"గీత మీద ఆపడం?"

"గోడ మీద ఆపగలను."

"హహ్హ!"

"నవ్వకు బాబాయ్. మా ఇంట్లో పదో తరగతి దాటినోణ్ణి నేనొక్కణ్ణే. మా యమ్మ సీతాలు ఇరవై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఈ బరంపురం వీధులు తిరిగింది. ఇప్పుడు మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పుతాది. ఈ పోస్టొస్తే గంప దించీమని చెప్పేను. సారు అడిగితే ఒడియాలో మర్యాదగా 'ఆజ్ఞా' అని, 'బండి బాగా వచ్చు' అని ఇంటర్వ్యూలో చెప్పీసేను కూడా. ఇప్పుడు... ఏటి బాబాయ్, ఆఫీసు కేసి చూస్తున్నావు?"

"బ్రేకు పడదన్న సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఇక్కడా? నీకొక్కడికే."

"నాకొక్కడికే."

"నువ్వు చెప్పవు కదా?"

"టైమెంతయింది?"

"ఎనిమిదింబావు దాటింది. బాబాయ్, చెప్పవు కదా?"

"సెప్పక్కర్లేదు. నాను నోరు మూసుకుంటే సాలు, గోడే సెప్తాది."

"అదీ నిజమే."

"జరుగు. ఆ ఎనక సక్రం సూడనీ."

"బాబాయ్?"

"పానా ఉందా నీకాడ?"

"ఉంది. పడవ ఇంజనుది."

"ఎనక సక్రం విప్పు. నాను బండి పట్టుకుంటాను. ఊఁ, సూస్తావేటి, విప్పు!"

"విప్పుతున్నా. ముందు ఆ బీడీ ఆర్పు బాబాయ్, పెట్రోలు కారుతోంది."

"అదొక్కటైనా సదువుకున్నావు. ఆ కారేదే సీసాలోకి పట్టు. గుడ్డుందా?"

"నా చేతిరుమాలు. ఇస్త్రీది."

"తే. పెట్రోలులో ముంచి ఆ డ్రమ్ము లోపల తుడు. ఇంకా. ఇంకా తుడవాల. దిమ్మలు నాకియ్యి, ఈ సిమెంటు అరుగు మీద గీకుతాను. పై జిడ్డు పోయి గరుకు తేలాల."

"నీకింత పనెలా తెలుసు?"

"ఇంట్లో ఒక బండుంది. నెల్రోజుల్నించి రాత్రీ పగలూ అదే, విప్పడం, బిగించడం."

"నీదా?"

"ఆ మూల జిడ్డలాగే ఉండిపోయింది, సూడు."

"నువ్వే తోల్తావా?"

"మాటలు తగ్గించి సెయ్యాడించు."

"బాబాయ్, కుక్క! నా రుమాలు ఎత్తుకుపోతోంది!"

"పోనీ. దానికి సొరనూనె, నీకు బ్రేకు. ఇలా తే, దిమ్మలు ఎక్కిద్దాం. మర బిగించు. ఇంకొక్క సుట్టు. సాలు, సాలు, మరీ బిగిస్తే సక్రమే తిరగదు. ఊఁ, ఎక్కు. ఆ సైకిలు స్టాండు కాడ ఆపి సూపించు."

"కాలితో నొక్కీడమేనా?"

"మెల్లగా నొక్కు. కాళ్ళు కింద పెట్టకు, ఇది మీ ఇసక కాదు."

"ఆగింది! బాబాయ్, ఆగింది!"

"అరవకు. ఆపీసులో ఇంటారు. మళ్ళీ తిరిగి రా. ఈసారి సున్నం గీత మీద."

"ఇదుగో... ఇదుగో... గీత మీదే! ముందు చక్రం సరిగ్గా గీత మీదే ఉంది, చూడు!"

"సూసేను."

"ఏటి బాబాయ్, నవ్వుతావనుకున్నాను."

"బాగుంది. బాగా ఆపేవు. సొక్కా మట్టి దులుపుకో, సారొచ్చే టైమయింది."

"నిన్నీ జన్మకి మరిచిపోను. ఒకటే మనసులో పీకుతోంది బాబాయ్."

"ఏటి?"

"నోటీసు బోర్డు మీద చూసేను. నా పేరు కింద ఎయిటింగు లిస్టులో ఇంకొకడున్నాడు, కొండలు అని. నేను తప్పితే పోస్టు ఆడిది. ఆడూ నాలాగే ఏ తుక్కు బండో బాగుచేసుకుని కూర్చునుంటాడు. నేను గోడకి గుద్దుకోవాలని ఈపాటికి ఆళ్ళింట్లో దీపం పెట్టుంటారు, పాపం."

"దీపం కాదు బాబూ, కొబ్బరికాయ. మా గుంటడు కొండలు పేరు సెప్పి మాయావిడ పొద్దున్నే కొట్టింది. అదుగో, సారు దిగుతున్నారు, ఎల్లు."