ఎడమ పక్క పదకొండు మిల్లీమీటర్లు

మూడు లక్షల అరవై వేలు బావా! మొదట్లో నా దగ్గరున్నది అంతే. నాలుగేళ్లు ట్యూషన్లు చెప్పి, పాడైన ఫోన్లు కొని బాగుచేసి అమ్ముకుని కూడబెట్టింది. రెండు ఎనభై ఈ పాత స్పోర్ట్స్ కారుకి. మిగిలిన ఎనభై వేలూ నువ్వు బిగించిన కొత్త సస్పెన్షన్‌కి. చేతిలో సున్నా. ఇప్పుడు చెప్పు, నేను అరవక ఇంకెవరు అరవాలి?

బయటికి రావద్దులే. కారు కిందే ఉండు. నీ బూట్లతోనే మాట్లాడతాను.

అదే కదా నా బాధ! స్ప్రింగులు మారిస్తే కారు ముప్ఫై మిల్లీమీటర్లు దిగాలి. పెట్టె మీదే రాసుంది. కుడి పక్క సరిగ్గా ముప్ఫై దిగింది. ఎడమ పక్క? పందొమ్మిది! పదకొండు తేడా. టేపు పట్టి మూడుసార్లు కొలిచాను. టైర్లలో గాలి చూశాను. ట్యాంకులో పెట్రోలు ఎటైనా ఒరిగిందేమోనని అది కూడా లెక్కేశాను, నవ్వకు!

మలుపులో కుడికి తిప్పితే ఒకలా, ఎడమకి తిప్పితే ఇంకోలా పోతోంది. ఆదివారం నా మొదటి కస్టమరు వస్తాడు. రేసు ట్రాకు మీద గంటకింతని కారు అద్దెకిస్తానని చెప్పుకున్నాను కదా. ఇలాంటి కారులో మనిషిని కూర్చోబెట్టి మలుపు తిప్పమంటావా?

మరి అనుమానం రాదా బావా? కుడిదానికి కొత్త స్ప్రింగు వేసి, ఎడమదానికి పాతది తుడిచి పెట్టావేమో అనుకున్నాను. అవును, అనుకున్నాను. స్ప్రింగులు వేసిన సాయంత్రం నువ్వు షెడ్డులోంచి గుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు పట్టుకెళ్లావు. కళ్లారా చూశాను.

ఏంటీ? గొడుగా?

సరే, గొడుగే అనుకుందాం. వాన లేని రోజు గొడుగుకి గుడ్డ దేనికి?

ఓ... విరిగిన గొడుగా. అక్కదా. ఊచలు గుచ్చుకుంటాయనా.

అక్క పేరెత్తకు. నిన్న భోజనం దగ్గర నా ముందు కంచం పెట్టింది చూశావా? పెట్టలేదు, విసిరింది. నేను సోమవారం వచ్చి మీ ఓనరుకి నీ మీద చెప్పానని కోపం. చెప్పక ఏం చెయ్యను? బావ బావే, బండి బండే. అయినా పద్దెనిమిదేళ్లు పనిచేసినవాణ్ణి ఒక్క ఫిర్యాదుకే నెలాఖరున వెళ్లిపొమ్మంటాడని నేను కలగన్నానా?

అసలు నాకు మొదటి రోజే అనుమానం పుట్టింది తెలుసా? కారు లిఫ్టు మీద పైన ఉంది. నువ్వు టీకి వెళ్లావు. నేను కింద నుంచుని ఊరికే చెయ్యి పెట్టి చూస్తే ముందు చక్రాలని పట్టుకునే ఆ ఇనప చేతులున్నాయే, వాటి బోల్టులు నాలుగూ వదులు! వేళ్లతో తిప్పి వదిలేశావు. వేళ్లతో! బావమరిది పనే కదా, ఎవడు అడుగుతాడులే అనా?

ఇదేంటి, నా కాళ్ల దగ్గరికి నెడుతున్నావు? ఎడమ పక్క ఇనప చెయ్యా? ఊడదీసేశావా?

అబ్బ, దీని చివరనున్న రబ్బరు చూడు. నిలువునా చిరిగింది. మూడు వారాలకే! ఇది కొత్తదే కదా? కుడిది కూడా ఇవ్వు. దీనికి గీత కూడా పడలేదే. మరి ఎడమదానికేమైంది?

మెలిపెడితేనా? ఎవరు మెలిపెట్టారు?

మెల్లిగా చెప్పు బావా, అర్థం కావడం లేదు. ఆ బోల్టులు కావాలనే వదులుగా ఉంచావా? కారు కిందకి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక అప్పుడు బిగించాలా? గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వాలులోనే పట్టుకుపోతుందా? తర్వాత దించితే మెలితిరిగి... స్ప్రింగులా కారుని పైకి తంతుందా?

పైకి. ఎంత పైకి?

పదో, పన్నెండో.

ఊఁ.

మరి దించాక ఎడమవి బిగించలేదా నువ్వు? అప్పటికే బిగించి ఉన్నాయా... నువ్వే టీకి ముందు బిగించి మర్చిపోయానని అనుకున్నావా.

ఓనరుకి కూడా అదే చెప్పావా? వయసు మీద పడుతోంది, మతిమరుపొచ్చింది, పొరపాటు నాదే అని? నీకు నలభై ఆరు బావా! నలభై ఆరుకి మతిమరుపేంటి? మా అక్క పెళ్లిచూపుల్లో ఏ రంగు చీర కట్టుకుందో ఇప్పటికీ చెప్తావు!

ఆ స్పానరు కాస్త పక్కన పెట్టు. చప్పుడు చెయ్యకు.

నీకు మతిమరుపు లేదు.

ఆ రెండూ నేనే బిగించాను.

నీ పెట్టెలో బిగుతు కొలత చూపించే రెంచి ఉంటుందే, దానితో. కారుతో వచ్చిన పుస్తకంలో ఆ బోల్టుల బిగుతు నూటపది అని ఉంది. సరిగ్గా నూటపదికి పెట్టి తిప్పాను. టిక్‌మని శబ్దం వచ్చింది. ఎంత బాగుందో ఆ శబ్దం! లెక్క తప్పని మనిషిని కదా నేను. ఎడమవి రెండూ అయ్యాక కుడివైపు వెళ్తుంటే నీ బూట్ల చప్పుడు వినబడింది. గబుక్కున రెంచి పెట్టెలో పడేశాను. నీ పని నేను దిద్దుతున్నానని తెలిస్తే నవ్వుతావని. కాదులే. నిన్ను నమ్మలేదని తెలిసిపోతుందని.

ఇంకో రెండు నిమిషాలు నువ్వు టీ దగ్గరే ఉంటే నాలుగూ బిగించేవాణ్ణి. రెండు పక్కలా సమానంగా చెడేది. తేడా సున్నా. నీ మీద అనుమానమే వచ్చేది కాదు. చూశావా, లెక్క!

కోప్పడు బావా. తిట్టు. ఆ బూటుతో ఒకటి తన్ను.

కొత్త రబ్బర్లు వేస్తావా? ఆదివారానికా? నేను అడిగింది దాని గురించి కాదు...

సరే. ఆ చిరిగింది ఇలా ఇవ్వు. గ్రీజు అంటితే అంటనీ. ఓనరు అద్దాల గదిలోనే ఉన్నాడు, ఫోను పెట్టేశాడు. భోజనానికి లేచేలోపు తలుపు కొట్టాలి.

నువ్వు మాత్రం కారు కిందే ఉండు. నువ్వొస్తే మళ్లీ పొరపాటు నాదే అంటావు.