మూడో పిలుపు

బుధవారం సాయంత్రం ఆరుంబావు. ప్రార్థన ముగించుకుని నేను కుట్టు గదిలోకి వచ్చేసరికి మా మరిది అప్పటికే మొదలుపెట్టేశాడు. మా ఇంట్లో కత్తెర పట్టేది మా ఆయన, కోతలు కోసేది ఆయన తమ్ముడు. ఆ రోజు మిషను ముందు మా ఆయన, పక్కన బల్ల మీద కోర్టు ఎదుట టీకొట్టు నడిపే ముసలాయన ఉన్నారు. ఆయన ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చాడు.

మా మామగారు మొదటి మిషను మోయించుకొచ్చిన ఈ గది తలుపు పక్క సందులోకి తెరుచుకుంటుంది. సందు తనదంటూ పొరుగాయన మావాళ్లు అన్నదమ్ములిద్దరి మీదా దావా వేశాడు. వాయిదాకి మా ఆయన పని వదల్లేక తమ్ముణ్ణి పంపారు. కోర్టులో పిలిస్తే మనవాళ్లెవరూ పలకలేదని, మా మాట వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేశారు, తలుపు మూసి గోడ కట్టమని. బస్సు చెడిపోయిందన్నాడు మరిది. డిక్రీ రద్దు చేయమని ప్లీడరు పిటిషను వేశాడు. అది ఎప్పుడు విచారణకొస్తుందో కనుక్కురమ్మని పొద్దున పంపితే, ఇదిగో, ఈ కథతో తిరిగొచ్చాడు.

"తలుపు గురించి ఇక బెంగ పెట్టుకోకన్నయ్యా. కొట్టేయించేశాను."

"పిటిషనా, డిక్రీనా?" అన్నారు మా ఆయన తలెత్తకుండా.

"డిక్రీయే. ముందసలు నేను నోరే విప్పలేదు, ఊరికే చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ రోజెందుకు రాలేదు బాబూ అన్నారు జడ్జిగారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సు సంగతి ఎత్తుకున్నాను. టైరు పేలిందనేసరికి అవతలి ప్లీడరు కళ్లొత్తుకుంటున్నాడు, కోర్టు దాకా నేనొక్కణ్ణే తోసుకొచ్చాననేసరికి బంట్రోతు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు..."

"జనంతో సహానా?" అన్నాడు టీకొట్టాయన.

"జనంతో సహా, పైన సామానుతో సహా. దిగుతామంటే నేనే వద్దన్నాను, ఎండ కదా పాపం. జడ్జిగారు కలం తీసి మన డిక్రీ కొట్టేశారు. అంతటితో ఆగారా? వాయిదాకి రాలేని ప్రతివాడికీ ఏదో ఒక బస్సు ఉండే ఉంటుందని చెప్పి, బీరువాలు తెరిపించి, తాతలనాటి డిక్రీలన్నీ కొట్టేస్తూ కూర్చున్నారు. గెలిచినవాళ్లు ఓడారు, ఓడినవాళ్లు గెలిచారు, పోయినవాళ్లు..."

"వాళ్లూ హాజరయ్యారా?"

"నలుగురు. మధ్యలో తుంచకు తాతా. చివరికి జడ్జిగారు నన్ను పక్కకి పిలిచి, మా ఆవిడ నా మాట వినకుండానే రోజూ తీర్పులిచ్చేస్తోంది, అవి కూడా కొట్టేయించి పెట్టవా బాబూ అన్నారు. కారెక్కమన్నారు. వదిన అన్నం దగ్గర ఎదురుచూస్తుందని నేనే వచ్చేశాను. కాబట్టి అన్నయ్యా, రేపు నువ్వెక్కడికీ కదలక్కర్లేదు. హాయిగా కుట్టుకో."

మిషను ఆగింది. రేపటి మాట అంతవరకూ మేమెవరమూ ఎత్తనేలేదు.

టీకొట్టాయన గ్లాసు కింద పెట్టాడు. "ఎవరో పెద్ద ప్లీడరు పోయారని ఇవాళ కోర్టుకి సెలవిచ్చేశారు బాబూ. గేటుకి తాళం. కొట్టు కట్టేశాను గనకే ప్యాంటు పట్టుకుని ఇలా వచ్చాను."

మరిది నన్ను చూశాడు. నేను గోడను చూశాను.

"ఆ రోజు బస్సు బాగానే వచ్చింది," అన్నాడు ముసలాయన నెమ్మదిగా. "నా బల్ల మీదే కూర్చుని, అవతలి ప్లీడర్ని గుక్క తిప్పుకోనివ్వకుండా ఎలా చేస్తావో చెబుతున్నావు. బంట్రోతు మూడోసారి పిలుస్తుంటే భుజం తట్టాను. ఉండు తాతా, ఇప్పుడే జడ్జిగారు లేచి నిలబడబోతున్నారు అన్నావు."

మా ఆయన కళ్లజోడు తీశారు. "రేపేమిట్రా?"

"పదిన్నరకి విచారణ. ప్లీడర్ని ఇంటి దగ్గరే కలిశాను. అన్నదమ్ములిద్దరూ కలిసి రాకపోతే ఈ పిటిషనూ పోతుందన్నాడు." మరిది చేతికందిన దారం ముక్క వేలికి చుట్టుకున్నాడు. "ఎందుకు రాలేదో నువ్వుండగానే అడుగుతార్టన్నయ్యా."

నా నాలుక చివరిదాకా వచ్చిన మాటని దేవుడి పేరు తలచుకుని మింగాను. చేదుగానే దిగింది.

మర్నాడు పొద్దున్నే మిషను మీద గుడ్డ కప్పి, మరిదిని మధ్యలో పెట్టుకుని కోర్టుకెళ్లాం. టీకొట్టు దగ్గరికొచ్చేసరికి అతని అడుగు నెమ్మదించింది. ముసలాయన అప్పటికే బల్ల తీసి లోపల పెట్టేశాడు.

"ఇవాళ నిలబడి తాగేవాళ్లకే," అన్నాడు.

లోపల బంట్రోతు మొదటి పిలుపు పూర్తిచేయకముందే "ఉన్నామండీ" అన్నాం, ముగ్గురం. నన్నెవరూ పిలవలేదు.